పశ్చిమ ప్రకాశం గ్రంథాలయాలు – అంతర్జాల సదుపాయం: సర్వేకు ఒక చారిత్రక భూమిక

ఉపోద్ఘాతం

పౌర గ్రంథాలయాల్లో కంప్యూటర్, అంతర్జాల సదుపాయాలను లెక్కించే సర్వేలు సాధారణంగా ఒక చిన్న ప్రశ్నతో మొదలవుతాయి: మీ గ్రంథాలయంలో కంప్యూటర్ ఉందా, అంతర్జాలం ఉందా? జవాబు గడిలో 'ఉంది' లేదా 'లేదు' అని గుర్తు పెడితే చాలు. ఈ పద్ధతిలో లెక్క తొందరగా తేలుతుంది, పట్టిక తయారవుతుంది. అయితే 'ఉంది' అన్న ఒక్క మాట కింద ఎన్నో భిన్నమైన స్థితులు ఒదిగిపోతాయి. కంప్యూటర్ ఉండి కార్యాలయ లెక్కలకు మాత్రమే వాడుతుండవచ్చు. పాఠకుల కోసమే కొన్నా మరమ్మతు చేయించడానికి పద్దు లేక మూలన పడి ఉండవచ్చు. కనెక్షన్ తీసుకున్నా బిల్లు కట్టక ఆగిపోయి ఉండవచ్చు. అన్నీ సవ్యంగానే ఉన్నా, దాని ముందు కూర్చోవచ్చునని పాఠకుడికి తెలియకపోవచ్చు. వీటన్నిటికీ పట్టికలో ఒకే గుర్తు పడుతుంది.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని క్షేత్రంగా తీసుకొని, ఇటువంటి సర్వేకు ముందు ఏయే విషయాలను తేల్చుకోవాలో చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇది సర్వే ఫలితాల నివేదిక కాదు. ప్రశ్నావళిని రూపొందించడానికి అవసరమైన పూర్వరంగం. గ్రంథాలయంలో ఏముందో అడిగే ప్రశ్నకూ, పాఠకుడికి ఏం అందిందో అడిగే ప్రశ్నకూ ఉన్న అంతరాన్ని తెలుగునాట గ్రంథాలయోద్యమం ఆనాడే గుర్తించింది. ఆ దృష్టిని నేటి సర్వే మళ్ళీ అందుకోవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ప్రాంతం – పాలన – రికార్డులు

ఈ వ్యాసంలో పశ్చిమ ప్రకాశం అంటే ప్రధానంగా పూర్వపు మార్కాపురం, గిద్దలూరు తాలూకాల ప్రాంతం. పడమట నల్లమల కొండలు, మధ్యలో కంభం చెరువు, ఉత్తరాన త్రిపురాంతకం ఈ ప్రాంతపు ఆనవాళ్లు. త్రిపురాంతకం ఆలయ శాసనాలు కాకతీయ యుగ చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. బడిపిల్లలు అక్షరాలు దిద్దుకునే రాతి పలకలకు మార్కాపురం ప్రసిద్ధి. తెలుగునాట తరాల తరబడి పిల్లల చేతికి రాత పరికరాన్ని అందించిన ఊళ్లో, ఈనాటి రాత పరికరమైన కంప్యూటర్ సామాన్య పాఠకుడికి ఎంత అందుబాటులో ఉందన్న ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది.

పాలనాపరంగా ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగంగా ఉండేది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు నుంచి ఒంగోలు, చీరాల, అద్దంకి ప్రాంతాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఇందులో చేరాయి. 1972లో ఈ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో చీరాల, అద్దంకి, పర్చూరు ప్రాంతాలు బాపట్ల జిల్లాకు, కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాకు వెళ్లాయి.

గ్రంథాలయ చరిత్రకారునికి ఈ మార్పులు కేవలం సరిహద్దుల వివరాలు కావు. 1950లలో ఈ ప్రాంతంలో ప్రారంభమైన ఒక శాఖా గ్రంథాలయానికి సంబంధించిన తొలి ఉత్తర్వులను, తనిఖీ నివేదికలను కర్నూలు దస్త్రాల్లో వెతకాలి. 1970 తర్వాతి వాటికి ఒంగోలు వెళ్లాలి. గిద్దలూరు పాఠకుడికి ఒంగోలు కంటే నంద్యాలే దగ్గర. అంటే అతనికి అలవాటైన దారి ఒకవైపు, అతని గ్రంథాలయ పరిపాలన మరొకవైపు ఉన్నాయి. జిల్లాల వారీ పట్టికల్లో పశ్చిమ ప్రాంతపు స్థితి తీరప్రాంతపు సగటులో కలిసిపోతుంది. కాబట్టి ఇక్కడి సర్వే జిల్లాను కాకుండా గ్రంథాలయాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

గ్రంథాలయోద్యమం – కాలువ ఉన్న నేల, లేని నేల

1914 ఏప్రిల్‌లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వెంకట నరసింహశాస్త్రి మొదలైనవారి కృషి దీని వెనుక ఉంది. సంఘం పక్షాన వెలువడిన 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక ఊరూరి గ్రంథాలయాల విశేషాలను ప్రచురించింది. ఉద్యమ నాయకులు గ్రంథాలయ యాత్రలు చేశారు. సభలు పెట్టి, చదువు రానివారికి చదివి వినిపించే ఏర్పాట్లను ప్రోత్సహించారు. ఈ యాత్రలను ఒక విధంగా తొలినాటి క్షేత్రపర్యటనలుగా భావించవచ్చు. పుస్తకాల సంఖ్యతో పాటు వాటిని ఎవరు చదువుతున్నారో, ఎవరు చదవలేకపోతున్నారో కళ్లారా చూసే అవకాశం వాటి వల్ల కలిగింది.

ఈ ఉద్యమానికి కర్నూలుతో గాఢమైన సంబంధం ఉంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883–1960) కర్నూలులో జన్మించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షత వహించి, గ్రంథాలయాన్నీ వయోజన విద్యనూ విడదీయరాని కార్యక్రమాలుగా నడిపించారు. అక్షరం రాని ఊళ్లో పుస్తకాల బీరువా పెట్టినంత మాత్రాన గ్రంథాలయం కాదన్న అవగాహన ఈ జంట కృషిలో స్పష్టంగా కనిపిస్తుంది. నేటి పరిస్థితికి ఇది నేరుగా అన్వయిస్తుంది. కంప్యూటర్ వాడకం నేర్పే ఏర్పాటు లేనిచోట కంప్యూటర్‌ది కూడా ఆ బీరువా స్థితే.

1935లో గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయాన్ని నడిపారు. కాలువ వెంట ఉన్న ఊళ్లకు పుస్తకాలు పడవ మీద వెళ్లేవి. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచనకు అది గొప్ప ఉదాహరణ. అయితే పడవ సాగడానికి కాలువ ఉండాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సేద్యపు నీటితో ఏర్పడిన మిగులు ఆదాయం, రాకపోకల వసతి గ్రంథాలయాలకు ఊతమిచ్చాయి. కరవు నేలలైన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలకు ఆ వసతి లేదు. ఉద్యమ చరిత్రలు ప్రధానంగా డెల్టా ఊళ్ల మీద కేంద్రీకరించడానికి ఇది ఒక కారణం. పునాదిలోని భౌతిక వసతి సేవల విస్తృతిని నిర్ణయిస్తుందన్న ఈ సూత్రం అంతర్జాలానికీ వర్తిస్తుంది. ఆనాడు పుస్తకం కాలువ వెంట నడిచింది. ఈనాడు సమాచారం తీగ వెంట నడుస్తున్నది.

చట్టం – సుంకం – కొత్త ఖర్చు

స్వాతంత్ర్యానంతరం దేశంలో తొలి గ్రంథాలయ చట్టం 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం. దాని రూపకల్పన వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ కృషి ఉంది. 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగమైన కర్నూలు జిల్లాకు ఈ చట్టమే వర్తించింది. తెలంగాణ ప్రాంతానికి 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు అన్న అంచెల వ్యవస్థ ఈ చట్టం నీడలో రూపుదిద్దుకొంది.

ఈ వ్యవస్థకు ఆర్థిక ఆధారం గ్రంథాలయ సుంకం. ఇంటిపన్ను, ఆస్తిపన్నుల మీద రూపాయికి 8 పైసల చొప్పున స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే గ్రంథాలయ ఆదాయం ఊరి ఇళ్ల విలువ మీద, పన్ను వసూలు మీద, వసూలైన సొమ్మును సకాలంలో జమ చేయడం మీద ఆధారపడి ఉంటుంది. వర్షాధారపు సేద్యం, వలసలు ఉన్న మండలాల్లో ఈ మూడూ బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ. గ్రంథాలయ అవసరం ఎక్కువగా ఉన్నచోటే దానికి ఆధారమైన పన్ను తక్కువగా వచ్చే వైపరీత్యం ఈ పద్ధతిలో ఉంది.

సుంకం రూపొందిన నాటి ఖర్చుల స్వరూపం వేరు. ఒకసారి కొన్న పుస్తకం జాగ్రత్తగా వాడితే దశాబ్దాల పాటు నిలుస్తుంది. కంప్యూటర్ ఆయుష్షు కొన్నేళ్లే. దానికి నెలనెలా కరెంటు, కనెక్షన్ రుసుము, అప్పుడప్పుడు మరమ్మతు, చివరకు మార్పిడి అవసరం. దాతలో, ప్రజాప్రతినిధుల నిధులో, 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానపు సహాయమో కంప్యూటర్ కొనడానికి ఉపకరించవచ్చు. దాన్ని నడిపే ఖర్చు మాత్రం గ్రంథాలయం మీదే పడుతుంది. అందువల్ల 'కంప్యూటర్ ఉందా' అన్న ప్రశ్న వెంటనే 'దాన్ని నడిపే ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుంది' అన్న ప్రశ్న రావాలి. మొదటి ప్రశ్న కొనుగోలు నాటి స్థితిని చెబుతుంది. రెండోది రాబోయే సంవత్సరపు స్థితిని చెబుతుంది.

సర్వేలు ఏమడిగాయి?

జాతీయ విజ్ఞాన సంఘం గ్రంథాలయాలపై చేసిన సిఫార్సుల్లో దేశంలోని గ్రంథాలయాలన్నిటి గణన ఒకటి. 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ గ్రంథాలయ మిషన్ కార్యక్రమాల్లో కూడా గ్రంథాలయాల పరిమాణాత్మక, గుణాత్మక సర్వే ఉంది. సర్వేలో గుణాన్ని కూడా చూడాలన్న అవగాహన విధాన స్థాయిలోనే ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది. అయితే క్షేత్రస్థాయిలో అది ఎటువంటి ప్రశ్నగా మారుతుందన్నదే అసలు విషయం.

2011 జనాభా లెక్కల గ్రామ సమాచార పట్టికలను దీనికి ఉదాహరణగా తీసుకోవచ్చు. వాటిలో పౌర గ్రంథాలయానికి ఒక గడి, పఠన మందిరానికి మరొక గడి, ఇంటర్నెట్ కేంద్రాలకు ఇంకొక గడి ఉన్నాయి. ఊరు పేరు ఎదుట సదుపాయం ఉందో లేదో సంకేతంతో నమోదు చేశారు. ప్రతి గ్రామానికీ ఇటువంటి సమాచారం లభించడం పరిశోధకులకు ఎంతో ఉపయోగకరం. కాని గ్రంథాలయం, అంతర్జాలం వేర్వేరు గడుల్లో ఉన్నందువల్ల ఆ రెండూ ఒకచోట కలుస్తున్నాయా లేదా అన్నది ఆ పట్టిక నుంచి తేలదు.

ఇందుకు పోల్చదగిన అనుభవం అమెరికాది. అక్కడ 1994లో పౌర గ్రంథాలయాల అంతర్జాల సంబంధంపై చార్లెస్ మెక్‌క్లూర్, జాన్ బెర్టాట్ తదితరుల సర్వేలు మొదలయ్యాయి. ఆ ఏడాది 20.9 శాతం గ్రంథాలయాలకే కనెక్షన్ ఉంది. 2000 నాటికి అది 95 శాతం దాటింది. అంతమంది 'ఉంది' అన్న తర్వాత ఆ ప్రశ్నకు విలువ తగ్గింది. పాఠకులకు ఎన్ని యంత్రాలు, ఎంత వేగం, ఎంతసేపు వేచి ఉండాలి, సాయపడే సిబ్బంది ఉన్నారా అన్నవైపు తర్వాతి సర్వేలు మళ్లాయి. మన సర్వే ఆ తొలి మెట్టు దగ్గర మళ్ళీ ఆగనవసరం లేదు.

పాఠకుల వైపు నుంచి వేసిన ప్రశ్న ఎంత తేడాను బయటపెడుతుందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. 2019–21 నాటి ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల వారిని ఎప్పుడైనా అంతర్జాలం వాడారా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల్లో 48.8 శాతం, స్త్రీలలో 21 శాతం మంది వాడామన్నారు. సదుపాయం ఉన్న గ్రామాల జాబితా ఎంత పెద్దదైనా ఈ వ్యత్యాసాన్ని చూపలేదు. గ్రంథాలయ సర్వే కూడా స్త్రీ పాఠకుల వినియోగాన్ని విడిగా అడగకపోతే ఈ అంతరం దానిలోనూ కనబడకుండా పోతుంది.

గ్రంథాలయం పక్కగా వెళ్లిన అంతర్జాలం

ఆంధ్రప్రదేశ్‌లో అంతర్జాల సేవల విస్తరణ చాలావరకు గ్రంథాలయ వ్యవస్థకు బయటే జరిగింది. 2011లో మొదలైన మీసేవ కేంద్రాలు ధ్రువపత్రాలు, దరఖాస్తుల పనిని చేపట్టాయి. 2017 డిసెంబర్‌లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా తీగను ఊళ్లకు చేర్చింది. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది. ఆ తర్వాత గ్రామాల్లో డిజిటల్ గ్రంథాలయాలను కట్టాలన్న ప్రభుత్వ ప్రణాళిక వచ్చింది. దీనిలో గ్రంథాలయం అన్న పేరు ఉన్నా, 1960 చట్టం కింద ఏర్పడిన శాఖా గ్రంథాలయాలతో దీని సంబంధం ఏమిటన్న ప్రశ్న మిగిలింది.

ఇదే కాలంలో గ్రంథాలయ పాఠకుని అవసరం కూడా మారింది. శాఖా గ్రంథాలయాల పఠన మందిరాల్లో నేడు పోటీ పరీక్షల అభ్యర్థులది పెద్ద వర్గం. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తు, రుసుము, హాల్ టికెట్, ఫలితం అన్నీ అంతర్జాలంలోనే. అభ్యర్థి ఉదయమంతా గ్రంథాలయంలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు చదివి, దరఖాస్తు పెట్టడానికి డబ్బులిచ్చి నెట్ సెంటర్‌కు వెళ్లవలసి వస్తే, అతని చదువులో సగమే గ్రంథాలయంలో జరుగుతున్నట్టు. చేతిలో ఫోన్ ఉన్నవారికీ పొడవైన దరఖాస్తును నింపడం, పత్రాలను స్కాన్ చేసి జతపరచడం, ముద్రించుకోవడం సులభం కాదు. అందువల్ల ఫోన్ల వ్యాప్తిని చూపి గ్రంథాలయ కంప్యూటర్ అనవసరమనడం సరికాదు.

ప్రశ్నావళి స్వరూపం

పై పరిశీలన ఆధారంగా పశ్చిమ ప్రకాశం గ్రంథాలయాల సర్వేలో ఐదు వర్గాల ప్రశ్నలు ఉండాలని ప్రతిపాదించవచ్చు.

మొదటిది గ్రంథాలయ జీవితచరిత్ర. స్థాపన ఎప్పుడు, సొంత భవనమా అద్దె భవనమా, ఎన్నిసార్లు మారింది, శిలాఫలకం మీద ఏముంది, పాత యాక్సెషన్ రిజిస్టర్లు ఎక్కడున్నాయి అన్నవి ఇందులో వస్తాయి. కర్నూలు, ఒంగోలు దస్త్రాల మధ్య చెదిరిన చరిత్రకు గ్రంథాలయంలోనే మిగిలిన ఆధారాలు ఇవి. కంప్యూటర్ల లెక్క కోసం గ్రంథాలయానికి వెళ్లిన పరిశోధకుడు ఈ రిజిస్టర్లను చూడకుండా తిరిగి వస్తే మళ్ళీ అవకాశం దొరకకపోవచ్చు.

రెండోది యంత్రం, కనెక్షన్. ఎవరిచ్చారు, ఎప్పుడు, ఇప్పుడు పనిచేస్తున్నదా, చివరిసారి ఏ రోజున వాడారు, గ్రంథాలయం తెరిచి ఉండే వేళల్లో కరెంటు ఉంటుందా అన్నవి అడగాలి. నల్లమల అంచున ఉన్న దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు వంటి మండలాల్లో కనెక్షన్ స్థితిని కాగితం మీద కాకుండా అక్కడికక్కడే పరీక్షించి నమోదు చేయాలి.

మూడోది ఖర్చు. సుంకం జమ, కనెక్షన్ రుసుము, మరమ్మతుల పద్దులను కనీసం మూడేళ్లకు పరిశీలించాలి.

నాలుగోది మనుషులు. గ్రంథపాలకుడు ఒక్కరే ఉన్నారా, ఒకటికి మించి గ్రంథాలయాల బాధ్యత ఉందా, కంప్యూటర్ శిక్షణ లభించిందా అన్నవి తెలుసుకోవాలి. పాఠకుల్లో స్త్రీలు, వృద్ధులు, విద్యార్థులు, చెంచు గూడేల నుంచి వచ్చేవారు ఎంతమేరకు వాడుతున్నారో సందర్శకుల రిజిస్టరుతోను, ప్రత్యక్ష సంభాషణతోను పోల్చి చూడాలి. ప్రశ్నావళి గ్రంథపాలకుని తప్పులు పట్టే తనిఖీ పత్రంలా ఉండరాదు. అలా ఉంటే 'ఉంది' అన్న జవాబే సురక్షితమైనదిగా అతనికి తోస్తుంది. సర్వే విలువ అక్కడే పోతుంది.

ఐదోది భాష. దీనిని విడిగా చర్చించాలి.

తెలుగు పాఠ్యం – రెండు దిక్కుల రాకపోకలు

కంప్యూటర్, కనెక్షన్, కరెంటు మూడూ ఉన్నచోట తెలుగు పాఠకుడు తెరమీద ఏం చదువుతాడన్నది తెలుగు శాఖల పరిశోధకులు అడగవలసిన ప్రశ్న. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచి స్థానం ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. భారత డిజిటల్ గ్రంథాలయ పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. మన పరిశోధనల్లో వీటి ఉపయోగం అందరికీ తెలిసిందే. అయితే ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం బొమ్మల రూపంలో ఉన్నాయి. మాట పెట్టి వెతకడానికి వీలు లేదు. చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఒక పద్ధతి లేని వర్ణక్రమంతో నమోదయ్యాయి. అలవాటు పడిన పరిశోధకుడు నాలుగు విధాలుగా రాసి చూసి పట్టుకుంటాడు. సాధారణ పాఠకుడు పుస్తకం లేదనుకొని వెనుదిరుగుతాడు. కాబట్టి ఆ కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడానికి వీలుందా, తెలుగులో వెతకడం నేర్పేవారున్నారా, ఏయే తెలుగు వనరులు పాఠకులకు తెలుసు అన్న ప్రశ్నలు సర్వేలో ఉండాలి.

రెండో దిక్కు ఇంకా ముఖ్యమైనది. అంతర్జాలం నుంచి గ్రంథాలయానికి ఏం వచ్చిందని అడిగినట్లే, గ్రంథాలయం నుంచి అంతర్జాలానికి ఏం వెళ్లిందని కూడా అడగాలి. స్థానిక ముద్రణాలయాల చిన్న పుస్తకాలు, స్థలపురాణాలు, పాఠశాల వార్షిక సంచికలు, స్థానిక కవుల శతకాలు పెద్ద గ్రంథాలయాల స్కానింగ్‌లో చేరే అవకాశం తక్కువ. అటువంటి వాటికి శాఖా గ్రంథాలయపు బీరువాయే చివరి ఆశ్రయం కావచ్చు. పుస్తకాలు చినిగితే జాబితా నుంచి తొలగించడం గ్రంథాలయాల్లో మామూలు ప్రక్రియ. తొలగించిన ప్రతి మరెక్కడా లేనిదైతే ఆ రచన తెలుగు సాహిత్య చరిత్ర నుంచి జారిపోయినట్లే. సర్వే బృందం ఇటువంటి పుస్తకాల పేర్లను రాసుకొని, ముఖపత్రాలను ఫొటో తీసి భద్రపరచినా పశ్చిమ ప్రకాశం సాహిత్య చరిత్రకు ఒక ప్రాథమిక సూచి సిద్ధమవుతుంది.

ఉపసంహారం

గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి వంటిదని రంగనాథన్ 1931లో తన పంచసూత్రాల్లో చివరిదిగా ప్రతిపాదించారు. కంప్యూటర్, అంతర్జాలం ఆ పెరుగుదలలో భాగం. ఎదుగుదలను కొలవాలంటే ఒక్కనాటి ఎత్తు చాలదు. ఎక్కడి నుంచి ఎదిగిందో తెలియాలి, మళ్ళీ మళ్ళీ కొలవాలి. మార్కాపురం, గిద్దలూరు గ్రంథాలయాల చరిత్ర రెండు జిల్లాల దస్త్రాల మధ్య చెదిరి ఉంది. డెల్టా కేంద్రంగా సాగిన ఉద్యమ చరిత్రల్లో వీటికి దక్కిన చోటు తక్కువ. 'ఉంది–లేదు' అన్న గుర్తులతో ఇప్పుడొక సర్వే జరిగితే, పనిచేయని యంత్రం కూడా సదుపాయంగా నమోదై, ఆ గ్రంథాలయానికి ఇక అవసరం తీరిందన్న నిర్ణయానికి దారి తీయవచ్చు. ఆ నష్టాన్ని భరించేది ఆ ఊరి పాఠకుడు.

ఈ పనిలో తెలుగు శాఖలకు స్పష్టమైన పాత్ర ఉంది. సమీప విశ్వవిద్యాలయాల, డిగ్రీ కళాశాలల తెలుగు విద్యార్థులు తమ ఊరి గ్రంథాలయాన్ని ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చొప్పున ఎంచుకొని పై ఐదు వర్గాల ప్రశ్నలతో అధ్యయనం చేయవచ్చు. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలను దీనికి తగిన సమయంగా నిర్ణయించుకుంటే, ప్రతి సంవత్సరం అదే వారంలో అవే ప్రశ్నలు అడిగి మార్పును నమోదు చేయడానికి వీలవుతుంది.